బడి ముందు హెచ్చరిక బోర్డు ఎవరు పెట్టాలి?

బడి ముందున్న మలుపులో హెచ్చరిక బోర్డు పెట్టే అధికారం గ్రామ పంచాయతీకి ఉందా అని అడిగారు. వార్డు సభ్యుడిగా ఉన్నప్పుడు ఇదే పని మీద ఏడాది పాటు తిరిగాను కాబట్టి చెబుతున్నాను. ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి.

మేము అది తేల్చుకోకుండానే దిగాం. బడి వదిలే వేళ ఒక మోటారు సైకిలు మా పిల్లవాడిని గుద్దింది, కాలు విరిగింది. ఆ కోపంలో రేకు మీద ‘వేగం 20’ అని రాయించి, కర్రకు కొట్టి పాతించాం. నెల తిరగకముందే రోడ్డు పనికి వచ్చినవారు దాన్ని పీకేశారు. ఎవరి అనుమతితో పెట్టారని మమ్మల్నే అడిగారు. ఎంత బాధ కలిగినా, చట్టం వారి వైపే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 116వ సెక్షన్ ప్రకారం ట్రాఫిక్ గుర్తులు పెట్టించేది రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థ. వేగ పరిమితి విధించాలంటే 112వ సెక్షన్ కింద నోటిఫికేషన్ కావాలి. మేము రాయించిన అంకెకు విలువే లేదు. పైగా మామూలు పెయింటు రాత్రి కనబడదు. అసలు బోర్డులు దీపం వెలుగు పడగానే మెరుస్తాయి.

కిలోమీటరు రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. ఊరి లోపలి వీధులు పంచాయతీవి. ఊళ్లను కలిపే చిన్న రోడ్లు చాలావరకు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగం చూస్తుంది. రాయి కనబడకపోతే మండలంలోని ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) అడగండి. మా రోడ్డు ఊరి నడిబొడ్డు నుంచి వెళ్తున్నా, రోడ్లు భవనాల శాఖదని మాకు అక్కడే తెలిసింది.

అధికారం లేదని పంచాయతీ ఊరుకోనక్కర్లేదు. మాకు పని జరిగింది తీర్మానంతోనే. ప్రమాదం జరిగిన తేదీ, మలుపు ఫోటోలు, ప్రధానోపాధ్యాయుడి లేఖ జతచేసి ఆ శాఖ డిప్యూటీ ఈఈకి (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు) ఇచ్చాం. కదలిక లేకపోతే, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేటప్పుడు అదే కాగితం ఇచ్చి రసీదు తీసుకున్నాం. జిల్లా రహదారి భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు కాబట్టి విషయం అక్కడికి చేరింది. తర్వాత రెండు నెలలకు ఎర్ర అంచు త్రికోణపు బోర్డులు రెండు వైపులా వచ్చాయి.

బోర్డు వచ్చాక దానికి అడ్డంగా ఫ్లెక్సీలు కట్టనివ్వకండి. మా ఊళ్లో జాతర ఫ్లెక్సీ వారం రోజులు దాన్ని కప్పేసింది. అది తీయించడానికి మాత్రం ఎవరినీ అడగలేదు, పంచాయతీ సిబ్బందే విప్పేశారు.