పోగులన్నీ ఒకే దిశలో రావాలంటే?

ప్రశ్న: ఎంటెక్ ప్రాజెక్టు కోసం పాలిమర్ ద్రావణంలో కార్బన్ నానోట్యూబులు (అతి సన్నని కార్బన్ గొట్టాలు) కలిపి ఎలక్ట్రోస్పిన్నింగ్ (ఎక్కువ వోల్టేజీతో ద్రావణాన్ని సూది నుంచి సన్నని పోగులుగా లాగడం) చేస్తున్నాను. రేకు మీద పోగులన్నీ చిక్కుపడి పడుతున్నాయి. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: టెన్షన్ పడకండి, కదలని రేకు మీద ఎవరు చేసినా అంతేనండీ. సూది నుంచి వచ్చే ధార కాస్త దూరం తిన్నగానే వస్తుంది, ఆపైన అందులోని విద్యుదావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో మెలికలు తిరిగిపోతుంది. అందుకే తిరిగే డ్రమ్ము పెట్టండి. దాని అంచు వేగం ధార వచ్చి పడే వేగానికి దగ్గరగా ఉండాలి; 10 సెం.మీ. వ్యాసమున్న డ్రమ్ము నిమిషానికి 2000 చుట్లు తిరిగితే అది సెకనుకు సుమారు 10 మీటర్లు. మరీ పెంచితే పోగులు తెగుతాయి. డ్రమ్ము లేదా? రెండు లోహపు పట్టీల మధ్య ఖాళీ వదిలి రెండింటినీ ఎర్త్ చేయండి, పోగులు ఈ పట్టీ నుంచి ఆ పట్టీకి అడ్డంగా వరుసగా పరుచుకుంటాయి. 2003లో డాన్ లి, యూనాన్ షియా బృందం చూపిన ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం, ఖర్చు తక్కువ. అయితే పొర మందమయ్యేకొద్దీ మిగిలిన ఆవేశం కొత్త పోగుల్ని పక్కకు నెడుతుంది, పలుచగా ఉండగానే ఆపేయండి. నానోట్యూబులు ముద్దకట్టకుండా ద్రావణాన్ని ముందే బాగా సోనికేట్ చేయండి, అంటే అతిధ్వని తరంగాలతో వాటిని విడదీయండి. వోల్టేజీ ఆపి, సూదికి ఎర్త్ రాడ్ తాకించాకే చెయ్యి పెట్టండి.