ఇల్లు మారాక ఏసీ చల్లబడటం లేదు, ఏటా గ్యాస్ నింపించాల్సిందేనా?

గుంటూరు నుంచి విజయవాడకి ఇల్లు మారారు, ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, ఆర్32 గ్యాస్. బిగించిన కొన్ని వారాలకే చల్లదనం తగ్గింది. మెకానిక్ ఏమో "గ్యాస్ అయిపోయింది, ఏడాదికోసారి నింపాల్సిందే" అంటున్నాడు. ఇదే కదా మీ ఇబ్బంది?

ఏడాదికోసారి నింపడానికి అదేమీ వంటగ్యాస్ కాదండి. వాడితే ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టు. లేదా విప్పేటప్పుడే పోగొట్టి ఉంటారు. విప్పే ముందు ఏసీ నడుస్తుండగా సన్న పైపు వాల్వు మూసి, గ్యాసంతా బయటి యూనిట్లోకి లాగించి, ఆ తర్వాత లావు పైపు వాల్వు మూసేస్తే (దీన్నే పంప్ డౌన్ అంటారు) కొత్తింట్లో మళ్ళీ గ్యాస్ కొనే పనే ఉండదు.

నాకిది డబ్బు పోశాకే తెలిసింది. మేం అరండల్‌పేట నుంచి భవానీపురం వచ్చింది నిండు మే నెలలో. వచ్చినతను సాయంత్రంలోపు ఇంకో మూడు బిగించాలన్న హడావిడిలో ఉన్నాడు. పైపులు కలిపి, ఒక నట్టు వదులు చేసి, వాల్వు కొంచెం తిప్పాడు. ఐదు సెకన్లు "స్స్" మంది. "గాలి పోయింది సార్" అని నట్టు బిగించేశాడు. ఎంత చేయి తిరిగినవాడో అనుకున్నాను! మరుసటి ఏప్రిల్‌కి 24లో పెట్టినా గది 29 దిగలేదు, సన్న పైపు మీద మంచు. అతనే వచ్చి ప్రెషర్ గేజి తగిలించి, అందాజాగా గ్యాస్ ఎక్కించి 2,800 తీసుకున్నాడు. నెలన్నరకి కథ మళ్ళీ మొదటికి.

రెండోసారి మా బాబాయి పంపిన పెద్దాయన వచ్చాడు. ముందు సిలిండర్ జోలికే పోలేదు. ఫిల్టర్లు తీసి చూశాడు, ఎందుకంటే దుమ్ము పట్టినా మంచు కడుతుందట. తర్వాత లోపలి యూనిట్ వెనక పైపుకి చుట్టిన నల్ల స్పాంజి విప్పి వేలితో తడిమాడు. వేలికి జిడ్డు. "గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా కారుతుంది బాబూ, జిడ్డున్న చోటే వెతకాలి" అన్నాడు. సర్ఫ్ నురగ రాస్తే నట్టు దగ్గర సన్నగా బుడగలు. ఫ్లేర్ (నట్టులో కూర్చునేలా గంటలా వెడల్పు చేసిన పైపు చివర) అంచు చిట్లింది. మిగిలిన గ్యాస్ తీసేసి, పైపు చివర కోసి కొత్త ఫ్లేర్ వేసి, రెండు స్పానర్లు పట్టి బిగించాడు. ఇంకా లీకుందేమో చూడ్డానికి నైట్రోజన్ ఎక్కించి అరగంట వదిలితే గేజి ముల్లు కదల్లేదు.

అప్పుడు పైపుల్లోని గాలిని, తేమని లాగేసే వ్యాక్యూమ్ పంపు పెట్టాడు. నలభై నిమిషాలు. మీటరు 500 మైక్రాన్ల (పైపులో మిగిలిన ప్రెషర్ కొలత) కిందికి దిగాక పంపు ఆపి, మళ్ళీ పైకి పాకుతుందేమోనని కాసేపు చూశాడు. నన్నడిగితే పనంతటికీ ప్రాణం ఇదే. పైపులో గాలి మిగిలితే ప్రెషర్, కరెంటు పెరుగుతాయి. తేమ మిగిలితే ఇంకా చేటు: ఆర్32 ఏసీల్లోని నూనె తడిని ఇట్టే పీల్చుకుంటుంది, క్రమేణా ఆమ్లం తయారై కంప్రెసర్‌ని తినేస్తుంది. కృష్ణ ఒడ్డున మన గాలిలో తేమ సంగతి చెప్పేదేముంది.

గ్యాస్‌ని మాత్రం వెండి తూచినట్టు తూచాడు. మా బయటి యూనిట్ నేమ్‌ప్లేట్ మీద 820 గ్రాములని ఉంది. ఐదు మీటర్ల పైపు దాకా అది చాలు, ఆపైన మీటరుకి 20 గ్రాములని మా మాన్యువల్ లెక్క. మాది ఏడు మీటర్లు కాబట్టి 860. మీ మోడల్ అంకెలు వేరుగా ఉంటాయి, చూసుకోండి. గేజిని మాత్రమే నమ్మితే తిప్పలే. ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం మారినకొద్దీ ప్రెషర్ మారుతుంది. పైగా పాత ఏసీల్లోని ఆర్22 గ్యాస్‌కి సక్షన్‌లో (గ్యాస్ కంప్రెసర్‌కి తిరిగొచ్చే లావు పైపులో) ప్రెషర్ 65–70 పీఎస్‌ఐ ఉంటే సరిపోయేది, ఆర్32కి మామూలుగానే 120 చుట్టుపక్కల ఉంటుంది. ఆ పాత లెక్కతో చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు.

నింపాక 16లో పెట్టి ఇరవై నిమిషాలు ఫుల్ స్పీడులో నడిపించాడు. ఏసీ పీల్చే గాలి 31, వదిలే గాలి 19. ఉక్కపోత రోజుల్లో తేడా ఇంతకన్నా తగ్గుతుంది, కంగారు పడకండి.

ఇంకొకటి, ఆర్32కి కొద్దిగా మండే గుణం ఉంది. పని జరిగేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో సిగరెట్ వద్దు. గ్యాస్ లోపలుండగా పైపుకి వెల్డింగ్ మంట పెట్టబోతే ఆపేయండి.

మెకానిక్‌కి ఫోన్ చేసినప్పుడే "వ్యాక్యూమ్ పంపు, తూకం మిషన్ తెస్తారా?" అని అడగండి. "అవన్నీ ఎందుకు సార్" అన్నాడా, ఇంకో నంబరుకి చేయండి.