కంప్యూటర్‌లో పార్ట్ సాలిడ్ మోడల్ (3డీ రూపం) సిద్ధంగా ఉంటే సీఎన్‌సీ మెషిన్ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) నేరుగా కోసేయలేదా? మధ్యలో క్యామ్ ఎందుకు?

కోసేయలేదు, పార్ట్ చివరికి ఎలా ఉండాలో మాత్రమే మోడల్ చెబుతుంది, టూల్ ఏ దారిలో ఎంత వేగంతో కదలాలో చెప్పదు. ఆ దారిని లెక్కగట్టే సాఫ్ట్‌వేరే క్యామ్.

మిల్లింగ్ మెషిన్ కంట్రోలర్ సాధారణంగా చదివేది జీ-కోడ్, అంటే టూల్ ఎలా కదలాలో వరుసగా చెప్పే ఆదేశాలు. ‘జీ01 ఎక్స్50 ఎఫ్200’ అంటే, మిల్లీమీటర్లలో సెట్ చేసి ఉంటే, ఎక్స్ 50 దగ్గరికి నిమిషానికి 200 మి.మీ. వేగంతో తిన్నగా వెళ్లమని. ముడి దిమ్మె సైజు ఎంత, దాన్ని వైస్‌లో ఎలా బిగించారు, ఏ కట్టర్ వాడాలి, ఒక్కో పాస్‌లో ఎంత లోతు తీయాలి అన్నవి ఆకారాన్ని చూసి తేలేవి కావు. వాటిని మనిషే నిర్ణయించి క్యామ్‌కి ఇవ్వాలి. నేర్చుకోవడంలో అసలు కష్టం ఇక్కడే.

ఉదాహరణకు, మోడల్‌లో చతురస్రాకారపు పాకెట్‌కి (లోపలికి తవ్విన గుంటకి) నాలుగు మూలలూ పదునుగా గీశారనుకోండి. 10 మి.మీ. వ్యాసం ఉన్న ఎండ్‌మిల్ (మిల్లింగ్ కట్టర్) గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ప్రతి మూలలో 5 మి.మీ. వ్యాసార్థపు వంపు మిగిలిపోతుంది. అందుకే ఆ మూలలకు మోడల్‌లోనే 6 మి.మీ. వంపు ఇస్తే కట్టర్ సాఫీగా తిరుగుతుంది. పదును మూలే కావాలంటే ఈడీఎం (విద్యుత్ స్పార్క్‌లతో లోహాన్ని తొలగించడం) లాంటి వేరే పద్ధతికి పోవాల్సిందే.

చాలామంది క్యామ్‌ని ‘సేవ్ యాజ్’ లాంటి ఫైల్ మార్పిడి అనుకుంటారు. నిజంగా మార్పిడి చేసేది చివర్లో వచ్చే పోస్ట్ ప్రాసెసర్ ఒక్కటే. అది సిద్ధమైన టూల్‌పాత్‌ని (టూల్ కదిలే దారిని) ఫలానా కంట్రోలర్ యాసలోకి మారుస్తుంది. ఒక మెషిన్ కోసం తీసిన ప్రోగ్రామ్ ఇంకో కంట్రోలర్‌లో మొరాయించేదీ అందుకే.