చిన్న స్పాన్ దగ్గరే అసలు సంగతి

విశాఖపట్నం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫైబర్‌గ్లాస్ ఐ-బీమ్ (I ఆకారపు దూలం) షియర్ స్టిఫ్‌నెస్, అంటే పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా పట్టే గట్టిదనం, తేల్చాలని రాశావు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టిపోయే మన ఊళ్లో ఈ బీమ్‌లు ఎందుకు వాడతారో నీకు చెప్పక్కర్లేదు. అయితే స్టీలు అలవాటుతో లెక్కేశావంటే దెబ్బతింటావురా. స్టీలుకి యంగ్స్ మాడ్యులస్ (పదార్థం సాగకుండా పట్టే గట్టిదనం), షియర్ మాడ్యులస్‌కి (జారకుండా పట్టే గట్టిదనానికి) 2.6 రెట్లే. దీనికి ఏడెనిమిది రెట్లు ఉంటుంది. గాజు దారాలు చాలావరకు పొడుగునా పరుచుకుని ఉంటాయి కదా, షియర్ భారం వాటిని అతికించే రెసిన్ మీద పడుతుంది.

200 మిల్లీమీటర్ల ఎత్తు, 100 వెడల్పు, 10 మందం ఉన్న బీమ్‌కి లెక్కేసి చూశాను. 3 మీటర్ల స్పాన్ (రెండు సపోర్టుల మధ్య దూరం) మీద మొత్తం డిఫ్లెక్షన్‌లో, అంటే బీమ్ కిందికి దిగేదాంట్లో, షియర్ వాటా ఎనిమిదో వంతు. అదే 1 మీటరు మీద సగం దాటిపోతుంది.

అందుకని ఒకే స్పాన్‌తో సరిపెట్టుకోకు. మధ్యలో లోడు పెట్టి నాలుగైదు స్పాన్‌లు చెయ్యి. డిఫ్లెక్షన్‌ని లోడుతోనూ, స్పాన్‌తోనూ భాగించి, స్పాన్ వర్గానికి ఎదురుగా గ్రాఫు గియ్యి. గీత నిలువు అక్షాన్ని తాకిన చోటి విలువని 4తో గుణించి తలకిందులు చేస్తే షియర్ స్టిఫ్‌నెస్ వస్తుంది. గీత వాలుని 48తో గుణించి అలాగే చేస్తే బెండింగ్ స్టిఫ్‌నెస్ (వంగకుండా పట్టే గట్టిదనం).

చెప్పడానికి తేలికే. నేను మొదటిసారి చేసినప్పుడు చిన్న స్పాన్ చుక్కలన్నీ గీత వదిలేసి పైకి పోయాయి. రెండు రోజులు లెక్కలనే తిట్టుకున్నాను. తీరా చూస్తే సపోర్టులు అణుగుతున్నాయి! ఆ బీమ్‌కే 1 మీటరు మీద 5 కిలోన్యూటన్లు వేస్తే దిగేది 0.4 మిల్లీమీటరు. అందులో సపోర్టు 0.05 దిగినా షియర్ వాటాలో ఐదో వంతు తప్పు. మధ్యలో ఎంత దిగిందో కొలిచే ఒక్క గేజుతో ఆపకు. రెండు సపోర్టుల మీదా పెట్టి, వాటి సగటుని మధ్య గేజు రీడింగులోంచి తీసెయ్యి. లోడు కిందా, సపోర్టుల మీదా వెడల్పు ప్లేట్లు వెయ్యి, లేకపోతే వెబ్ (మధ్యలో నిలువు పలక) నలుగుతుంది. పెద్ద స్పాన్‌లో పక్కకి ఒరగకుండా గైడ్లు ఉండాలి.

ఎండాకాలం మధ్యాహ్నం రేకుల షెడ్డులో చెయ్యకు, వేడికి రెసిన్ కొంచెం మెత్తబడుతుంది. అన్ని స్పాన్‌లూ పొద్దున్నే కానిచ్చెయ్యి.

ఆదివారం వచ్చి నా డయల్ గేజులు రెండు పట్టుకెళ్లు. ఒకదాని ముల్లు అప్పుడప్పుడు పట్టేస్తుంది, వేలితో తట్టి చూసుకో.

మీ మామయ్య