షాక్ కొట్టిందని ట్రేడ్ మాన్పించకండి, ఆ పూల్ మోటార్ మాత్రం ముట్టుకోనివ్వకండి

పాకాల నుంచి ఒక తల్లి రాశారు: "మావాడు పది తర్వాత ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి, ఈమధ్యే చంద్రగిరి దగ్గర ఒక రిసార్టులో నెలకు 12,000కి చేరాడు. పోయిన వారం స్విమ్మింగ్ పూల్ మోటార్ దగ్గర షాక్ కొట్టింది. దెబ్బేమీ తగల్లేదు గానీ అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. మానేసి ఇంటర్‌లో చేరరా అంటే వినడు. ఆ మోటార్ వేస్తే ఊరికే ఏదో ట్రిప్ అవుతోందని, రిసార్టు వాళ్లు దాన్ని తీసేసి డైరెక్ట్ ఇమ్మన్నారట. ఏం చేయమంటారు సార్?"

అమ్మా, ముందు ఒక మాట. షాక్ కొట్టిన తర్వాత వాడికి గుండె దడగా ఉన్నా, ఛాతీలో నొప్పి అన్నా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించి ఈసీజీ తీయించండి. బయటికి దెబ్బ కనపడకపోతే లోపలా ఏమీ కాలేదని అనుకోవద్దు.

ఇక మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది, మీరు చివర్లో మామూలుగా రాసేసిన "తీసేసి డైరెక్ట్ ఇమ్మన్నారట" అన్న మాట. నేను ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు చాలా ఏళ్లు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్పినవాణ్ణి, కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను, మీవాడికి చదివి వినిపించండి.

ఆ ట్రిప్ అయ్యేదాని పేరు ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో వెనక్కి రావాలి, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినా అది టక్కున పడిపోతుంది. తేడా వచ్చిందంటే మధ్యలో ఎక్కడో కరెంటు కారుతోందనే. పక్కనే ఉన్న 16 ఆంపియర్ల ఎంసీబీకి ఇంత చిన్న లీకేజీ కనపడనే కనపడదు, దాని పని ఓవర్‌లోడు, షార్ట్ సర్క్యూట్ చూసుకోవడం వరకే. తడిసిన ఒంటికి 230 వోల్టులు తగిలితే లోపలికి పోయేది 30 మిల్లీ ఆంపియర్లతో ఆగదు, దానికి ఎన్నో రెట్లు పోతుంది.

మన వైపు పిల్లలు బోరు మోటార్ల మధ్య పెరుగుతారు. స్టార్టర్ డబ్బా జుమ్మంటుంటే రబ్బరు చెప్పులేసుకుని కర్రతో బటన్ నొక్కే రైతులు ఊరికి పది మంది ఉంటారు, అది చూసి చూసి పిల్లలకు కూడా కరెంటంటే ఒక రకమైన ధీమా వచ్చేస్తుంది. (ఆ పనీ తప్పే, అది వేరే కథ.) పూల్ సంగతి అలా కాదు. అక్కడ చిన్న పిల్లలు నిలువునా తడిసి, కాళ్లకు చెప్పుల్లేకుండా, స్టీలు నిచ్చెన పట్టుకుని ఎక్కుతుంటారు. అందుకే స్విమ్మింగ్ పూళ్ల వైరింగ్‌కు అంతర్జాతీయ ప్రమాణాల్లో ఐఈసీ 60364లో 702 అని ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. నీళ్ల లోపల పెట్టే లైట్లకు 12 వోల్టులే, పూల్ అంచు నుంచి 2 మీటర్ల లోపల మామూలు సాకెట్, స్విచ్ పెట్టకూడదు, మోటార్ బాడీ, నిచ్చెన, చేతి రెయిలింగు లాంటి లోహపు వస్తువులన్నీ ఒకదానికొకటి రాగి తీగతో కలిపి ఎర్త్ చేయాలి. ఎర్త్ సరిగ్గా ఉంటే లీకేజీ మొదలైన క్షణానే ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్త్ లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకునేదాకా అది పడదు, ఆ ముట్టుకునేవాడు మీవాడే కావచ్చు.

ఒకసారి తిరుపతిలోనే ఒక హోటల్ పూల్ ప్లాంట్ రూమ్ చూశాను. క్లోరిన్ డబ్బాలు, ప్యానెల్ బోర్డు ఒకే గదిలో. ఆ ఘాటుకు రాగి టెర్మినళ్లు పచ్చగా పూసుకుపోయాయి, ఎర్త్ వైరు నట్టు వేలితో తిప్పితే తిరుగుతోంది, ఆర్‌సీసీబీకి పైనుంచి కిందికి రెండు తీగ ముక్కలు లింకు వేసి ఉన్నాయి, అంటే అది పడినా కరెంటు ఆగదు. కింద మోటార్ దగ్గర పంపు మెకానికల్ సీల్ (నీళ్లు బయటికి కారకుండా ఆపేది) పోయి, షాఫ్ట్ మీదుగా నీళ్లు చుక్కచుక్కగా మోటార్‌లోకి పోతున్నాయి. ట్రిప్పుకి కారణం ఆ చుక్కలే! సీల్ మార్చి, మోటార్ ఆరబెట్టి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూసుకుంటే పోయేదానికి, ప్రాణం కాపాడే డబ్బాని పనిచేయకుండా చేసేశారు.

మీవాడి మోటార్ కథ కూడా ఇలాంటిదే అయి ఉండొచ్చు. సీల్ లీకు, టెర్మినల్ బాక్స్ గ్లాండ్ (తీగ లోపలికి వెళ్లేచోట బిగించేది) వదులై తేమ చేరడం, పైపులో టేపు చుట్టి వేసిన జాయింటు, లేదంటే ఎవరో న్యూట్రల్‌ని ఎర్త్‌తో కలిపేయడం. మెగ్గర్‌లో ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపిస్తే ఆ మోటార్‌కి కరెంటు ఇవ్వకూడదు. ఇంకోటి, వాడికి షాక్ ఎలా కొట్టిందో అడగండి. స్విచ్ ఆపి ఊరుకున్నాడేమో. ఎంసీబీ ఆపి, ఎవరూ వేయకుండా తాళమో బోర్డో పెట్టి, మల్టీమీటర్‌ని ముందు లైవ్ ఉన్నచోట చూసి, తర్వాత టెర్మినల్ మీద, మళ్లీ లైవ్ మీద చూడాలి. జేబులో ఉండే టెస్టర్ స్క్రూడ్రైవర్‌ని నమ్మి చేయి పెట్టకూడదు. సింగిల్ ఫేజ్ మోటార్ అయితే కరెంటు ఆపాక కూడా కెపాసిటర్‌లో ఛార్జి ఉంటుంది, దాన్ని డిశ్చార్జి చేశాకే ముట్టుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. రెండేళ్లు ట్రేడ్ నేర్చుకున్నవాణ్ణి ఇంటర్‌లో కూర్చోబెట్టొద్దమ్మా. చదవాలని ఉంటే ఐటీఐ వాళ్లకు పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలోకి లేటరల్ ఎంట్రీ దారి ఉంది, అక్కడి నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదికి పోవచ్చు. నన్నడిగితే ముందు 1961 అప్రెంటిస్ చట్టం కింద ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయించండి. శ్రీసిటీ, రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో ప్రయత్నించమనండి, స్టైపెండూ వస్తుంది, పై మనిషి చూస్తుండగా పని చేయడం అలవాటవుతుంది, మీవాడికి ఇప్పుడు లేనిది అదే. ఆ తర్వాత వైర్‌మన్ పర్మిట్, అనుభవం వచ్చాక సూపర్‌వైజర్ పర్మిట్. రూల్ ప్రకారం ఫ్యాను, స్విచ్ మార్చడం లాంటి చిల్లర పనులు తప్ప వైరింగ్ పని లైసెన్సున్న కాంట్రాక్టరే, పర్మిట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చేయించాలి. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడితో ఒంటరిగా చేయించడమే తప్పు, రేపు ఏదైనా జరిగితే "ఆ పిల్లోడే డైరెక్ట్ ఇచ్చాడు" అంటారు.

కాబట్టి రేపే వాణ్ణి మేనేజర్‌కి ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టమనండి: ఆర్‌సీసీబీ తీసి మోటార్ నడపడం ప్రమాదం, ఎర్త్, మోటార్ చెక్ చేయించేదాకా పూల్ మూసేయండి, నేను డైరెక్ట్ ఇవ్వను. గొడవగా వద్దు, మర్యాదగానే, కానీ రాతలో ఉండాలి. వాళ్లు మెకానిక్‌ని పిలిచి సరిచేయిస్తే అక్కడే కొనసాగొచ్చు, పెద్ద హోటళ్లలో పూల్‌తో పాటు ఎస్‌టీపీ (మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటు), జనరేటర్, ఫైర్ పంపులు అన్నీ చేతికి తగులుతాయి, మంచి అనుభవమే. "నీకెందుకురా, చెప్పింది చెయ్" అంటే ఆ నెల జీతం తీసుకుని వచ్చేయమనండి. తర్వాత ఎక్కడ ఇంటర్వ్యూకి పోయినా జీతం అడిగే ముందు "ఇక్కడ ఆర్‌సీసీబీ ట్రిప్ అయితే ఏం చేస్తారు సార్?" అని అడగమనండి, చేరాలో వద్దో ఆ జవాబును బట్టే తేల్చుకోవచ్చు.