కొవిడ్ తగ్గినా బాపుకు దమ్ము: ఎక్స్‌రే బాగుందని ఆగొద్దు

మీ బాపుకు మొదట అనుమానించాల్సింది ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ. కొవిడ్ తగ్గినంక మెట్లెక్కితే దమ్ము (ఆయాసం), గట్టిగా ఊపిరి పీలిస్తే పక్కలో పోటు, ఒక్క ఎడమ పిక్కకే వాపు అని రాశారు. ఇది ఉత్త నీరసం కాదనిపిస్తోంది. వైరస్ వల్ల రక్తం త్వరగా గడ్డకడుతుంది. మంచం మీదే ఉంటే కాలి సిరలో గడ్డ కట్టొచ్చు, అది తెగి ఊపిరితిత్తులకు చేరొచ్చు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు: ఎక్స్‌రే బాగుందన్నారని ఇంటికొచ్చేస్తారు. ఈ గడ్డ ఎక్స్‌రేలో సాధారణంగా కనబడదు. మామూలు ఛాతీ సీటీలోనూ దొరక్కపోవచ్చు. కావాల్సింది సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్, చేతి నరంలోకి రక్తనాళాలు కనబడేలా చేసే మందు ఎక్కించి తీసే స్కాన్. పేరు కాగితం మీద రాసుకుని పోయి, ‘ఇది అవసరమా సార్’ అని నేరుగా అడగండి. గడ్డ అనుమానం ఉంటే చేసే రక్త పరీక్ష డీ-డైమర్. అది ఇన్ఫెక్షన్ వల్ల కూడా పెరుగుతుంది, ఎక్కువ వచ్చినంత మాత్రాన గడ్డ ఉన్నట్టు కాదు.

1. ఈరోజే పోండి. మీరుండేది హన్మకొండ కదా, వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఎమర్జెన్సీ దగ్గరే.
2. కూర్చున్నా దమ్ము ఆగకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా, దగ్గితే రక్తం పడినా వెంటనే 108.
3. పిక్కకు నూనె రాసి పిసకొద్దు. మన ఇళ్లల్లో ప్రేమతోనే చేస్తారు, కానీ గడ్డ కదిలే ప్రమాదం ఉంది.
4. కిడ్నీ సమస్య ఉన్నా, షుగర్ మాత్రలు వేసుకుంటున్నా స్కాన్‌కు ముందే చెప్పండి.
5. గడ్డ అని తేలితే రక్తం పలుచబరిచే మందు సాధారణంగా కనీసం 3 నెలలు. దమ్ము తగ్గిందని మధ్యలో మానొద్దు, నొప్పి మాత్రలు సొంతంగా వేయొద్దు.