బిడ్డా, గేటును గాలికి వదలకు

బిడ్డా,

పల్లి గింజలు విత్తే డబ్బాకు వైపర్ మోటారు పెట్టి, దాన్ని నడిపే సర్క్యూట్ నువ్వే చేస్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. నలుగురికీ చెప్పుకున్నా. ఆ వెంటనే నీ వేళ్లు గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది.

ఆర్డుయినో (ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డు) పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి లాగొద్దని నీకు తెలుసు. అందుకే మోటారును తిప్పి ఆపేందుకు మధ్యలో ఇంకో స్విచ్చు లాంటి ముక్క కావాలి. దానికి టిప్122 ట్రాన్సిస్టర్ వాడకు. 4 ఆంపియర్ల దగ్గర దాని మీదే 2 వోల్టుల దాకా పోతాయి, అంటే 8 వాట్ల వేడి. ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ అనే మాస్‌ఫెట్ కొను. ఫెట్ అంటే కరెంటు స్విచ్చే, దాన్ని తెరిచి మూసే కాలునే గేటు అంటారు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి పోతే పైన అచ్చు చదివే తీసుకో: 'ఎల్' బదులు 'ఎఫ్' ఉన్నది ఆర్డుయినో ఇచ్చే 5 వోల్టులకు పూర్తిగా తెరుచుకోదు, ఊరికే కాలుతుంది. మోటారు ఆపినప్పుడు వెనక్కి తన్నే వోల్టేజీ ఫెట్‌ను కాల్చకుండా, మోటారుకు అడ్డంగా 5 ఆంపియర్ల షాట్కీ డయోడు, గీత ఉన్న కొస ప్లస్ వైపు. బ్యాటరీ మైనస్, ఆర్డుయినో గ్రౌండ్ కలపడం మర్చిపోకు.

ఇక నా భయం సంగతి. గేటుకూ గ్రౌండ్‌కూ మధ్య 10కె (పది వేల ఓముల) రెసిస్టర్ పెట్టాలి, ఎవరూ నడపనప్పుడు గేటును కిందికి లాగి మోటారును ఆపి ఉంచేది అదే. మా షాపులో చేసిన పిల్లగాడొకడు ఆ చిన్న ముక్కే వదిలేశాడు. టేబుల్ మీద అంతా బాగానే తిరిగింది. చేను దగ్గర గింజలు ఇరుక్కుంటే బ్యాటరీ క్లిప్ తీయించి, డబ్బాలో వేలు పెట్టి తోస్తున్నాడు. అయిపోయిందనుకుని అవతలివాడు క్లిప్ తగిలించాడు. ప్రోగ్రాం మొదలయ్యేదాకా ఆర్డుయినో పిన్ను గేటును పైకీ పట్టదు, కిందికీ పట్టదు. గేటు గాలిలో ఉంది, మోటారు తిరిగింది. వేలు రోలర్‌కూ రేకుకూ మధ్య నలిగింది. ఇరుక్కున్న మోటారు నడిచేటప్పటి కంటే ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. సగం తెరుచుకున్న ఫెట్ దానికి కాలి షార్ట్ అయింది. ఇక స్టాప్ బటన్ ఎంత నొక్కినా ఏం లాభం? ఫెట్లు కాలితే చాలాసార్లు అట్లా ఆన్‌లోనే ఉండిపోతాయి. క్లిప్ పీకినా వేలు రాలేదు. లోపల వార్మ్ గేరు, రోలర్‌ను చేత్తో వెనక్కి తిప్పలేం. గేర్‌బాక్స్ బోల్టులు విప్పేదాకా వాడు అరుస్తూనే ఉన్నాడు. ఆ గోరు ఇప్పటికీ వంకరే.

అందుకే బ్యాటరీ ప్లస్ వైరు మీదే 7.5 ఆంపియర్ల ఫ్యూజు, చెయ్యి అందేచోట పెద్ద స్విచ్చు. ప్రోగ్రాం చదివే బటన్ కాదు, మొత్తం కరెంటును తెంపే స్విచ్చు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినప్పుడు బోర్లకు ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ఊరూరా చెప్పారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగితే అక్కడ పోయేది నీళ్లు. నీ డబ్బాలో చేతులుంటాయి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి పిల్లను బెదరగొట్టానని అక్క నన్ను తిడుతుంది, తిట్టనీ. పని మాత్రం ఆపకు. రోలర్ బిగించకుండా ఒకసారి షాపుకు పట్టుకురా. ఆర్డుయినో వైరు పీకేసి బ్యాటరీ తగిలిద్దాం. అప్పుడూ మోటారు కదలకపోతే రోలర్ నేనే బిగించిస్తా. అన్నం ఇక్కడే, అత్త పచ్చిపులుసు చేస్తానంది.

మీ మామ,
కల్వకుర్తి